చక్కెర కలపని తర్జుమా

పోయిన వారం కథ ఎక్కడ వదిలామో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

పరదేశం నుంచి ఏటా సేవ చెయ్యడానికి దిగే విద్యార్థుల దండు ఈ ఏడూ దిగింది. వ్యాను తలుపు తెరుచుకోగానే అందరికన్నా ముందు కాలు బయటపెట్టిన మనిషిని చూసి మాటలు తర్జుమా చేసే దుబాసీకి ఒళ్ళు చల్లబడింది. ఆ మొహం తనకి కొత్తది కాదు. పేట ఆసుపత్రి గోడమీద, అద్దాల ఫ్రేములో, చేతిలో సిరంజి పట్టుకుని ఇన్నేళ్ళుగా నవ్వుతున్న మొహమే. పేటవాళ్ళు పెట్టిన పేరు నవ్వులమ్మ. అప్పుడు విద్యార్థిని. ఇప్పుడు డాక్టరు, దండుకి పెద్ద దిక్కు. ఫ్రేములో ఆమె పక్కన కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నది దుబాసీ అక్క. ఆనాడు తుంటికి పడిన ఆ సూదికే అక్క కుడిపాదం చచ్చుబడింది.

దుబాసీ అంటున్నామే గానీ ఆ పిల్ల పుట్టి పెరిగింది దుబాసీగా కాదు. అక్క కాలు పడిపోయేనాటికి బళ్ళో చదువుతోంది. ఆ తర్వాత ఏటా వచ్చే దండుకి వంటింట్లో గిన్నెలు తోమింది, దుప్పట్లు ఉతికింది, వాళ్ళ మాటలు ఒక్కొక్కటే ఏరుకుంది. ఎవరైనా కొత్త భాషలో ముందు దణ్ణం పెట్టడం నేర్చుకుంటారు. ఈమె ముందు నేర్చుకున్న మాట 'ఎందుకు'. ఆ మాట ఒకరిని అడగాలి. అడగాల్సిన మనిషి ఇప్పుడు తన కాళ్ళతో తనే నడిచి వచ్చింది.

ఇక ఈ వారం.

క్యాంపు ఆఖరి మధ్యాహ్నం. ఆసుపత్రి హాల్లో రోగులు కూర్చునే బెంచీలన్నీ ఒక పక్కకి జరిపి, వాటికెదురుగా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బెంచీల మీద పేట జనం, కుర్చీల మీద విద్యార్థులు. వెళ్ళిపోయేముందు ఇలా కూర్చోవడం దండుకి అలవాటు. ఒక్కొక్కరే లేచి ఇక్కడ ఏం నేర్చుకున్నారో చెబుతారు. దుబాసీ తర్జుమా చేస్తుంది. జనం చప్పట్లు కొడతారు. తర్వాత ఫోటో. ఆ తర్వాత వ్యాను.

"అక్కనెందుకు లాక్కొచ్చావమ్మా ఇంత ఎండలో?" అన్నాడు కాంపౌండరు మావయ్య, మందుల బీరువా తలుపు తుడుస్తూ. నడుముకి కట్టుకున్న తాళాల గుత్తి గలగలమంది. "దాని కాలు చూడు, ఎలా వాచిందో."

"తనే వస్తానంది మావయ్యా."

"అబద్ధం," అంది అక్క ముందు వరసలో బెంచీ మీద సర్దుకుంటూ. "ఇదే జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చింది. వీళ్ళు ఏం నేర్చుకుంటే నాకేమొస్తుంది?"

"ఇవాళ వస్తుందక్కా."

మావయ్య దుబాసీ వైపు ఒక్క క్షణం చూశాడు. తల్లి పోయాక ఇద్దరినీ తన ఇంటికి తెచ్చుకున్న మనిషి. అక్క కాలు పడిపోయినప్పుడు పెద్దాసుపత్రి మెట్లన్నీ వీపున మోసుకెక్కినవాడు. అక్క చెప్పుకి వెనకవైపు తోలుపట్టీ కుట్టించి, పాదం జారిపోకుండా రోజూ పొద్దున్నే తన చేత్తో బిగించేది ఆయనే. ఆ అద్దాల ఫ్రేముని గోడకి కొట్టిందీ ఆయనే. "ఈ మొహాన్ని మరిచిపోకండమ్మా, ఇదే చేసింది," అంటూ గుడ్డ పెట్టి తుడిచేవాడు. దుబాసీ పగకి నీళ్ళు పోసి పెంచింది ఎవరయ్యా అంటే ఆయన పేరే చెప్పాలి.

"నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. ఏం మాట్లాడుకుంటున్నారో నువ్వే చెప్పాలి," అన్నాడు మావయ్య.

"ఇవాళ అంతా చెబుతా. మింగను, కలపను," అంది దుబాసీ.

ఆ మాటకో వెనక కథ ఉంది. దండుని వెంటేసుకొచ్చే వాళ్ళ సారు, బట్టతల మీద ఎప్పుడూ తడిగుడ్డ వేసుకునే మనిషి, దుబాసీని పనిలో పెట్టుకున్న రోజునే ఒక చిట్కా చెప్పాడు. చేదు మాట వస్తే కొంచెం చక్కెర కలిపి అటు అందించమ్మా, పిల్లలు చిన్నవాళ్ళు, మనసు కష్టపెట్టుకుంటారు అని. పిల్లలంటే గడ్డాలొచ్చిన పిల్లలు. అప్పట్నుంచీ దుబాసీ చక్కెర కలుపుతూనే ఉంది. "మీరు గోడకి వేసిన రంగు మొదటి వానకే కారిపోయి నా బట్టలన్నీ పాడు చేసింది," అని ఇస్త్రీ అవ్వ అంటే, "మీ రంగులు ఆమె జీవితంలో కలిసిపోయాయట," అని చెప్పేది. వాళ్ళు గుండెమీద చెయ్యి వేసుకునేవాళ్ళు. ఒకమ్మాయి ఏడ్చింది కూడా.

సభ మొదలైంది. పొడుగాటి కుర్రాడొకడు లేచి, తను ఇక్కడ ఓర్పు నేర్చుకున్నానన్నాడు. దుబాసీ ఉన్నదున్నట్టు చెప్పింది.

"వేణ్ణీళ్ళు ఆలస్యమయ్యాయని నిన్న తలుపు తన్నింది వీడే కాదూ?" అంది ఇస్త్రీ అవ్వ.

మామూలుగా అయితే ఆ మాట దుబాసీ కడుపులోకి పోయేది. ఇవాళ తిన్నగా కుర్రాడి చెవిలోకి పోయింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్ళ సారు తలమీద తడిగుడ్డ సర్దుకున్నాడు.

తర్వాత లేచిన అమ్మాయి, ఇక్కడివాళ్ళు ఏమీ లేకపోయినా ఎంత సంతోషంగా ఉంటారో చూసి తన మనసు మారిపోయిందంది.

"మనం సంతోషంగా ఉన్నామని ఈ పిల్లకి ఎవరు చెప్పారే?" అంది అవ్వ.

"నేనే అవ్వా. పోయినేడు."

"నీ నోరు పడ."

బెంచీలన్నీ నవ్వాయి. కుర్చీలు ఎందుకో తెలియకుండానే కలిసి నవ్వాయి. అక్క మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ళు కుర్చీల చివర కూర్చున్న నవ్వులమ్మ మీదే ఉన్నాయి. నవ్వులమ్మ ఆ చూపుని ఒకటి రెండుసార్లు పట్టుకుని తియ్యగా తల ఊపింది. గుర్తుపట్టలేదు. అదీ దుబాసీ కడుపులో ఇంకాస్త కిరోసిను పోసింది. తన అక్క మొహం వీళ్ళ ఫోటోలోకి పనికొచ్చింది గానీ, జ్ఞాపకంలోకి పనికిరాలేదు.

ఆఖరున నవ్వులమ్మ లేచింది. కుర్చీలన్నీ చప్పట్లు కొట్టాయి. ఆమె గొంతు బాగుంటుంది, ఒప్పుకోవాలి. పసిపిల్లల్ని నిద్రపుచ్చే గొంతు.

"నేను డాక్టరునవడానికి కారణం ఈ గది," అంది. "అదిగో, ఆ తెర వెనక. నేనప్పుడు మీలాంటి విద్యార్థిని. ఏమీ తెలీదు. ఒక దర్జీ ఆవిడ జ్వరంతో, నడుం నెప్పితో వచ్చింది. నా జీవితంలో మొట్టమొదటి ఇంజెక్షను ఆమెకి ఇచ్చాను. చెయ్యి వణికింది. ఆమె లేచి కూర్చుని నా మొహం చూసి నవ్వింది. వైద్య కళాశాలలో సీటు కోసం వెళ్ళినప్పుడు పెద్దలందరి ముందూ ఆ నవ్వు గురించే చెప్పాను. ధైర్యమంటే ఏమిటో ఇక్కడే నేర్చుకున్నాను."

దుబాసీ ఒక్కో వాక్యాన్నీ తెచ్చి అక్క ముందు పెట్టింది. మొట్టమొదటి ఇంజెక్షను అన్న మాట దగ్గర కావాలనే ఆగింది. అది బెంచీల మీదుగా వెనకదాకా పాకేవరకూ ఆగింది. ఈసారి చప్పట్లు కుర్చీల్లోంచే వచ్చాయి. బెంచీలు కదల్లేదు.

వాళ్ళ సారు ఫోటో కోసం లేవబోయాడు.

"కూర్చోండి సార్," అంది దుబాసీ వాళ్ళ భాషలో. "ఆ దర్జీ ఆవిడ ఇక్కడే ఉంది. తనేం నేర్చుకుందో కూడా చెబుతుందట."

నవ్వులమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆనందంతోనే, పాపం. "ఎక్కడ?" అంది.

"లే అక్కా."

"నాకేం మాటలొస్తాయే."

"నాతో రోజూ అనేవే అను."

అక్క బెంచీ పట్టుకుని లేచింది. ఆమె నడకని కుర్చీల్లో వాళ్ళు మొదటిసారి చూశారు. మోకాలు బాగా పైకెత్తి, బురదలో నడిచేవాళ్ళలా అడుగు వేస్తుంది. పాదం మాత్రం ఎత్తినా పైకి రాదు. వేళ్ళు నేలకేసి వేలాడతాయి. అడుగు పడినప్పుడల్లా తడిబట్ట నేలమీద కొట్టినట్టు టప్ మని చప్పుడు. హాలు మధ్యదాకా ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. నవ్వులమ్మ మొహంలో నవ్వు ఉంది గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంది.

"వీళ్ళందరూ నేర్చుకున్నవి చెప్పారు. నేను నేర్చుకున్నవీ వినమను," అంది అక్క. "మొదట, మెట్లెక్కడం నేర్చుకున్నాను. ఎడమకాలు ముందు, కుడికాలు దాని వెనకాల. పొరపాటున మార్చి వేశానా, మొహం పగులుతుంది. ఒకసారి పగిలింది."

దుబాసీ తర్జుమా చేసింది. ఇన్నేళ్ళూ ఏరుకున్న మాటలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే చేతికి అందుతున్నాయి. ఒక్కటీ తడబడలేదు.

"చెప్పు ఊడిపోయినా తెలియకుండా నడవడం నేర్చుకున్నాను. మేకు గుచ్చుకుంటే ఇంటికొచ్చాక రక్తం చూసి తెలుసుకోవడం నేర్చుకున్నాను. నాది కాలితో తొక్కే మిషను. రెండు పాదాలూ ఒక లయలో ఆడాలి. నాకు ఒక పాదం ఆడుతుంది, ఇంకోటి పక్కన చచ్చిన చేపలా పడుంటుంది. మిషను మీద దుప్పటి కప్పి, చేత్తో గుండీల కాజాలు కుట్టుకోవడం నేర్చుకున్నాను. నేను కత్తిరించిన బట్టని వేరేవాళ్ళ చేతికి ఇచ్చి, వాళ్ళు వంకరగా కుడుతుంటే నోరు మూసుకుని చూడటం కూడా నేర్చుకున్నాను. అన్నిటికంటే కష్టం అదే, చెప్పవే."

"చెప్పాను అక్కా."

"చక్కెర," అన్నాడు వాళ్ళ సారు గొంతు తగ్గించి. "అమ్మాయ్, చక్కెర."

"డబ్బా ఖాళీ అయింది సార్."

కుర్చీల్లో ఒకమ్మాయి తల వంచుకుంది. పొడుగాటి కుర్రాడు నవ్వులమ్మ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. దుబాసీ అన్నీ చూస్తోంది. ఇన్నేళ్ళూ తను ఊహించుకున్నది ఇదే. ఆ నవ్వు మొహమ్మీద ఉండగానే పాలిపోవాలి. పాలిపోవడాన్ని ఆమెని పొగిడినవాళ్ళే చూడాలి. తన లోపల ఏదో చల్లగా, హాయిగా, వేసవిలో కుండ నీళ్ళు దిగినట్టు దిగింది. పగ తీర్చుకోవడం మంచిది కాదని చెప్పేవాళ్ళకి ఆ చల్లదనం తెలియదు.

"ఒక్కటి అడుగు," అంది అక్క. "ఆ రోజు నేను తెర వెనక గోడవైపు తిరిగి పడుకున్నాను. తుంటి మీద సూది దిగగానే బొటనవేలి దాకా మంట మెరుపులా పాకింది. నేను అరిచాను. ఆపలేదు. ఎందుకు ఆపలేదో అడుగు. నేర్చుకోవడానికి నీ ఊళ్ళో, నీవాళ్ళలో ఎవరికీ తుంటి లేదా అని అడుగు."

దుబాసీ అడిగింది. 'ఎందుకు' అన్న మాట నాలుక మీద ఎంతకాలం నుంచి పెట్టుకుందో, ఇప్పుడు తీసి ఆమె ముందు పడేసింది. పడేసి, కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

నవ్వులమ్మ కుర్చీ వీపుని పట్టుకుంది. తర్వాత, చాలా మెల్లగా, నిద్రపుచ్చే గొంతుతో కాదు, మామూలు మనిషి గొంతుతో అంది.

"నేను ఇవ్వలేదు."

దుబాసీకి నవ్వొచ్చింది. ఇంతసేపూ నాదీ నాదీ అని కౌగిలించుకున్న సూదిని, ముల్లు గుచ్చుకోగానే విసిరేస్తోంది.

"ఇప్పుడే కదా మొట్టమొదటి ఇంజెక్షను అన్నారు?" అంది.

"అన్నాను. ఎప్పుడూ అలాగే అంటాను." ఆమె కళ్ళు నేలమీదే ఉన్నాయి. "నాకు సిరంజి ఇచ్చారు. ఎక్కడ గుచ్చాలో నాకు తెలియదు. చెయ్యలేనని చెప్పి పళ్ళెంలో పెట్టేశాను. నిజంగా పెట్టేశాను. అప్పుడు ఇంకొకరు దాన్ని తీసుకుని సూది వేశారు. ఆమె అరిచింది. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపమన్నాను. ఆయన తోసేశాడు. అయిపోయాక ఖాళీ సిరంజి నా చేతిలో పెట్టి, భుజం పట్టుకుని ఆమె తల దగ్గరికి నడిపించాడు. ఆమె ఇటు తిరిగేసరికి నేను కనిపించాను. ఫోటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నోరు మెదపలేదు. మా ఊరెళ్ళాక అందరూ అడిగారు, చెప్పాను. చెప్పగా చెప్పగా అది నాదైపోయింది. నేను ఇక్కడ నేర్చుకున్నది ధైర్యం కాదు. ఇది. ఆమె కాలు ఇలా అయిందని నాకు ఇవాళ్టి వరకూ తెలియదు."

దుబాసీ వింటోంది. తర్జుమా చెయ్యడం మరిచిపోయి వింటోంది. అబద్ధమే అనుకుందాం. కానీ ఎవరైనా అబద్ధం తమని కాపాడుకోవడానికి చెబుతారు. ఈమె ఇప్పుడు తను గెలిచిన సీటునీ, చెప్పుకున్న గొప్పనీ, తన వెనక వచ్చిన పిల్లల ముందు తనే చింపి పోగులు పెడుతోంది.

"ఎవరు వేశారు?" అంది. అడగకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నోసార్లు అనుకుంటుంది గానీ, అప్పటికి అడిగేసింది.

నవ్వులమ్మ తల ఎత్తలేదు, ఎవరివైపూ చూడలేదు, చెయ్యి చూపించలేదు.

"ఈ గదిలోనే ఉన్నాడు," అంది. "మందుల బీరువా తాళాలు ఇప్పటికీ ఆయన నడుముకే ఉన్నాయి."

ఫ్యాను తిరుగుతోంది. కుర్చీల్లో వాళ్ళందరి తలలూ ఒక్కసారి తిరగబోయి, మళ్ళీ దేనికో జంకి ఆగాయి. బెంచీల మీది జనానికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమందే?" అంది ఇస్త్రీ అవ్వ. "ఇంతసేపు వాగింది కదా, ఏమంది?"

"ఏమందే?" అంది అక్క.

హాలు మొత్తంలో ఇటు మాట అటు చేర్చే దారి తనొక్కతే. ఆ దారి మూసేస్తే మూసుకుపోతుంది. క్షమించమంటోంది అక్కా, అని ఒక్క చెంచా చక్కెర వేస్తే చాలు. అక్క తల ఊపుతుంది. వ్యాను వెళ్ళిపోతుంది. రేపు పొద్దున మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని, అక్క చెప్పు పట్టీ బిగిస్తాడు. మరీ బిగిసిందా అమ్మా అని అడుగుతాడు.

రోజూ అడుగుతాడు. ఎందుకు అడుగుతాడో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తనకి తట్టలేదు.

మింగను, కలపను అని మాటిచ్చింది ఎవరికి? ఆయనకే.

"మాట్లాడవేం," అంది అక్క. "తప్పు ఒప్పుకుందా, లేదా?"

"అక్కా," అంది దుబాసీ. ఇంకోసారి, "అక్కా," అంది.

వెనక బీరువా దగ్గర తాళాలు గలగలమన్నాయి.

"అంతా అబద్ధం," అన్నాడు మావయ్య. "నేను ఆ సిరంజి ముట్టుకోనే లేదు."

బెంచీల మీది తలలన్నీ అటు తిరిగాయి.

అక్క మాత్రం తొందరపడలేదు. ఎడమకాలు ముందు వేసి, కుడికాలిని దాని వెనకాల లాక్కుని, టప్ మని ఆయన వైపు తిరిగింది.

"ఇది ఇంకా నాకేమీ చెప్పలేదు మావయ్యా," అంది. "ఆ భాష నీకు ఒక్క ముక్క రాదు కదా."